గస్తీవాళ్లు అడిగిన సాక్ష్యం

రోమన్ కోట మ్యూజియం వెనక బల్ల మీద కూర్చుని పెర్సీ గుడ్డు శాండ్‌విచ్ తింటున్నాడు. నమిలినప్పుడల్లా అతని చెవులు కదులుతున్నాయి. పద్నాలుగు నెలలుగా ఆ చెవుల్ని చూసి రిడ్లీ స్టాబ్స్‌కు ఒళ్లు మండుతోంది. ఒక మనిషంటే పడనప్పుడు అతని చెవులు కూడా నేరం చేసినట్టే కనిపిస్తాయని రిడ్లీకి తెలుసు. తెలిసి మాత్రం ఏం లాభం, కోపం తగ్గదు కదా.

పెర్సీ రిడ్లీ అక్క ఇడా మొగుడు. బావాబామ్మర్దులిద్దరూ ఆంబుల్ రేవులో రొయ్యల బోటు మనుషులు. రిడ్లీ తండేలు, బోటుకు పెద్ద. పెర్సీ, లెన్నీ అతని కింద పనిచేసేవాళ్లు. లెన్నీ రిడ్లీ తమ్ముడు. పోయినేడు సెప్టెంబరులో, తెల్లవారుజామున, పెర్సీ చుక్కాని దగ్గర కాపలా ఉండగా బోటు రాళ్లకెక్కింది. ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. లెన్నీ రాలేదు.

"మెలకువగానే ఉన్నాను. సముద్రప్పోటు లాగేసింది." అప్పట్నుంచీ పెర్సీది ఇదే మాట. పోలీసులకు ఇదే, పెళ్లానికి ఇదే, చర్చి మెట్ల మీద అడిగినవాళ్లందరికీ ఇదే. ఆ ప్రమాదం మీద సోమవారం జరిగే విచారణలోనూ ఇదే చెబుతాడు. రిడ్లీకి కావలసింది ఒక్క ముక్క. 'నిద్రపోయాను' అని అతని నోటితో అతను అనాలి. అంతే. ఆ మాట వినేదాకా తమ్ముడు ఇంకా నీళ్లలోనే ఉన్నట్టుంది రిడ్లీకి.

ఈ ప్రయాణం ఇడా పెట్టింది. "రోమన్ గోడ వెంబడి ఇద్దరూ మూడు రోజులు నడవండి. కొట్టుకునేదుంటే అక్కడే కొట్టుకుని రండి, నా వంటింట్లో కాదు," అని సంచులు సర్ది బస్సెక్కించింది. ముప్పై ఏళ్లు ఊగే బోటు మీద నిటారుగా నిలబడ్డ రిడ్లీ, మొదటిరోజే గొర్రెపెంట మీద కాలు జారి మూడుసార్లు పడ్డాడు. మూడుసార్లూ చెయ్యందించింది పెర్సీయే. అది ఇంకా మంట.

పొద్దున కోట శిథిలాలు చూపించిన గైడమ్మ, దాదాపు రెండువేల ఏళ్ల కిందట ఆ గోడ మీద ఉన్న రోమన్ సైనికుల కాపలా సంగతి చెప్పింది. రాత్రిని నాలుగు జాములు చేసుకునేవారట. గస్తీ తిరిగేవాడు ఒంటరిగా రాడు, సాక్షుల్ని వెంటేసుకుని వస్తాడు. కావలివాడు నిద్రపోతుంటే లేపడు. దగ్గరున్నవాళ్లకు చూపించి, చూశారు కదా అని అడిగి, వెళ్లిపోతాడు. తర్వాత అధికారి వచ్చి ఆ మనిషిని కర్రతో ఊరికే అలా తాకుతాడు. మిగతా పని తోటివాళ్లది. వాడి నిద్ర వల్ల ఎవరి ప్రాణాలు పోవాల్సిందో, వాళ్లే కర్రలూ రాళ్లూ పట్టుకుని రెండు వరసలుగా నిలబడి, మధ్యలో నడిపించి కొట్టి చంపుతారు.

"చలికి టీ అయినా ఇచ్చేవారా పాపం?" అన్నాడు పెర్సీ.

గైడమ్మ నవ్వింది. రిడ్లీ నవ్వలేదు. "నీకు అడగాలనిపించింది అదేనా బావా?" అన్నాడు.

పెర్సీ బూట్ల వంక చూసుకున్నాడు.

మధ్యాహ్నం బయల్దేరి మూడున్నరకు ఒక చిన్న కోట దగ్గరికి చేరారు. గోడ మీద మైలుకొకటి చొప్పున ఉంటాయి అలాంటివి. మోకాలెత్తు రాళ్లు నాలుగువైపులా, ఉత్తరాన సగం కూలిన ద్వారం. అక్కడికొచ్చేసరికి పొగమంచు దిగింది. ముందు లోయ పోయింది, తర్వాత గొర్రెలు పోయాయి, ఆఖరికి పది అడుగుల అవతల గోడే పోయింది.

"కాసేపు ఆగుదాం. ఇందులో నడిస్తే కొండ అంచునుంచి నేరుగా చెరువులోకే," అన్నాడు పెర్సీ.

"ఆగు. నువ్వు కాపలా ఉంటే నాకేం భయం."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పెర్సీ వెళ్లి ద్వారం రాయికి వీపానించి కూర్చున్నాడు. రిడ్లీ ఫ్లాస్కు మూత తిప్పి, మళ్లీ పెట్టి, తిరిగి చూసేసరికి పెర్సీ గడ్డం గుండెల మీదకు వాలిపోయింది. సన్నగా గురక.

రిడ్లీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇదిగో. ఇలాగే. నా తమ్ముడు బోటు కింది గదిలో పడుకునుంటే, వీడు పైన ఇలాగే గురకపెట్టాడు. లేపి చెంప పగలగొట్టాలని అడుగు వేశాడు.

అప్పుడు వినిపించింది.

రాతి మీద ఇనుప మేకుల చప్పుడు. టక్... టక్... టక్... నలుగురైదుగురి నడక. చుట్టూ ఉన్నది తడిగడ్డి. రాయి మీద నడిచే బాట ఇక్కడెక్కడా లేదు.

తడిసిన ఉన్ని వాసన. మాడిన కొవ్వు దీపం వాసన. ఆ వెనకే పాత తోలు, చెమట.

మంచులో మనుషులు ఆగారు. ముఖాలు కనిపించలేదు, ముఖాలుండే చోట మంచు ఇంకొంచెం చిక్కగా ఉంది. ముందున్నవాడు పెర్సీ మీదకు వంగాడు. విన్నాడు. లేపలేదు.

తర్వాత తల తిప్పి రిడ్లీ వైపు చూశాడు. చెయ్యి చాపి పెర్సీని చూపించాడు. ఆగాడు.

అడుగుతున్నాడు.

రిడ్లీకి భయం వేసింది. వెయ్యలేదంటే అబద్ధం. కానీ భయం కన్నా ముందు కోపం నోరు తెరిచింది. పద్నాలుగు నెలల్లో ఈ ప్రశ్న తనను సరిగ్గా అడిగిందెవరు?

"అవును," అన్నాడు. "నిద్రపోయాడు. నేను చూశాను."

ఆ మాట అంటున్నప్పుడు నోరు తియ్యగా అయింది.

మేకుల చప్పుడు వెనక్కి మళ్లింది... దూరమైంది... ఆగింది.

"ఒరేయ్ బామ్మర్దీ." పెర్సీ కళ్లు నులుముకుంటున్నాడు. "మళ్లీ నిద్రపోయానా?"

"మళ్లీ అంటే?"

పెర్సీ గొంతు తగ్గించి, "ఆ రోజు నిద్రపోయాను రా. నిలబడే నిద్రపోయాను. రాయి తగిలితే లేచాను," అన్నాడు.

వచ్చింది. కావలసిన మాట వచ్చింది. రిడ్లీ తన గుండెలో ఏదో తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు.

"పద్నాలుగు నెలలు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తర్వాత ఏం అడుగుతారు? చుక్కాని దగ్గర ఎన్ని గంటలు నిలబడ్డావని అడుగుతారు. పందొమ్మిది గంటలు రా. మరి నిన్ను కాపలా దించాల్సింది ఎవరని అడుగుతారు."

రిడ్లీ మంచు వైపు తిరిగాడు.

"వల ఇంకొక్క లాగుడు, ఇంకొక్క లాగుడు అన్నావు. రొయ్య పడుతోందిగా, నీకు ఒళ్లు తెలియలేదు. లెన్నీ రెండుసార్లు వచ్చి అడిగాడు, బావని నేను దింపుతానని. ముందు రొయ్యలు ఏరు, తర్వాత చూద్దాం అన్నావు." పెర్సీ ముక్కు చీదాడు. "ఇడాకు ఒక తమ్ముడు పోయాడు. రెండోవాణ్ణి జైలుకి నేను పంపనా?"

రిడ్లీకి ఆ రాత్రి లెన్నీ పసుపుపచ్చ వానకోటులో తలుపు దగ్గర నిలబడ్డ తీరు గుర్తొచ్చింది. నిజానికి ఎప్పుడూ మరిచిపోలేదు. దానిమీద కోపాన్ని పరిచి, ఆ కోపం మీద ఇన్నాళ్లూ పడుకున్నాడు.

"లే," అన్నాడు. "లే బావా, పోదాం పద."

"ఈ మంచులోనా?"

"లెమ్మంటున్నానా."

టక్... టక్...

ఈసారి నలుగురైదుగురు కాదు. గోడకు రెండువైపులా నడక. వచ్చి, వచ్చి, ద్వారానికి అటూ ఇటూ రెండు వరసలుగా ఆగింది. మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి. వరసల్లో చేతులు కనిపించాయి. ఒక్క చెయ్యి కూడా ఖాళీగా లేదు.

రిడ్లీ వెళ్లి పెర్సీకి అడ్డంగా నిలబడ్డాడు. "నేను చెప్పింది తప్పు," అన్నాడు మంచులోకి. గొంతు పిల్లాడిలా వచ్చింది. "వీడిది కాదు తప్పు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"ఎవరితో రా మాట్లాడుతున్నావు?" అన్నాడు పెర్సీ. "ఇక్కడెవరున్నారు?"

మంచులోంచి సన్నని కర్ర ఒకటి ముందుకొచ్చింది. తొందర లేదు దానికి. రిడ్లీ ముఖం పక్కగా, పెర్సీ వైపు వెళ్లింది... మధ్యలో ఆగింది. ఏదో వింటున్నట్టు.

అప్పుడు డీజిల్ వాసన వచ్చింది. ఉప్పునీటి వాసన వచ్చింది. ఎడమవైపు వరస చివర నీళ్లు కారుతున్న చప్పుడు... బొట్టు... బొట్టు... అక్కడ నిలబడ్డవాడి ఒంటిమీద పసుపుపచ్చ వానకోటు ఉంది.

రెండు వరసలూ పెర్సీ వైపే తిరిగి ఉన్నాయి. ఆ వానకోటువాడొక్కడే అటు తిరగలేదు.

రిడ్లీ భుజాన్ని పెర్సీ వేళ్లు గట్టిగా పట్టుకున్నాయి. ఇందాకటినుంచీ ఎవర్నీ చూడనివాడు, ఏమీ విననివాడు, చెవి దగ్గరగా వచ్చి మెల్లిగా అడిగాడు.

"రిడ్లీ... లెన్నీ నీకేసి ఎందుకు రా అలా చూస్తున్నాడు?"