పెద్దోబన్న విప్పని ఉచ్చు

సంజీవప్ప పాత తోలును బండమీద పరచగానే చౌడేశ్వరి చూపు దాని మీది గుర్తుల మీద కాక, అంచున వేలాడుతున్న తాడు మీద నిలిచింది. తాడు కత్తితో కోసి ఉంది.

“వాగులో కొట్టుకపోక ముందు మీ జేజినాయనే నా చేతికిచ్చినాడమ్మే,” అన్నాడు సంజీవప్ప. రెండేళ్ల కిందట నిధి కోసం ఆమె తాత పెద్దోబన్నను కొండల్లోకి తీసుకుపోయి, ఒంటరిగా తిరిగొచ్చినవాడు అతడే. “ఈ గుర్తులు చదివేది నీకొక్కదానికే తెలుసంట గదా. దొరికిన దాంట్లో సగం నీది.”

తాత ఆ తోలును మొలకు కట్టుకునేవాడు. ఎవరికైనా ఇస్తే ముడి విప్పి ఇస్తాడు. ముడి వేసిన తాడును కోయడం ఆయన ఎరగడు.

వేరుశనగ చేల గట్ల మీద ఆమెకు ఉచ్చులు పన్నడం నేర్పింది ఆయనే. మనిషి వాసన పోయేలా నారకు పేడ రాయడం, అడవిపిల్లి తోలు చిరగకుండా ఒలవడం, ఏటేటా కొండల్లో ఉచ్చులు పెట్టిన చోట్లను తోలు లోపలివైపు వాతలు పెట్టి గుర్తుంచుకోవడం. చుక్క అంటే నార ఉచ్చు. సున్నా అంటే దుమ్ములగొండి కోసం కప్పిన గొయ్యి. “మూగజీవిని ఉచ్చులో ఒక పగలు మించి ఉంచగూడదు పాపా. చంపు, లేదా వదులు. మరిచిపోతే మాత్రం పాపం,” అనేవాడు.

అది నిధి పటం కాదని చౌడేశ్వరి చెప్పలేదు.

“పదన్నా, చూపిస్తా,” అంది. సంజీవప్ప తోలును చుట్టి చంకన పెట్టుకున్నాడు, ఆమె తాడు, నీళ్ల సీసా తీసుకుంది.

ముళ్లకంపలు చీల్చుకుంటూ, జారే బండలు పట్టుకుని ఎక్కారు. వంక దాటగానే ఎడమవైపు ఒక చిన్న గుహ నోరు కనిపించింది. సంజీవప్ప గబుక్కున ఆమెకు అడ్డం నిలిచాడు.

“అటొద్దు! తేనెటీగలుండాయి.”

ఒక్క ఈగ రొద లేదు. చౌడేశ్వరి పళ్లు బిగించి పైకి నడిచింది.

మిట్టమధ్యాహ్నానికి శిఖరం కింద పెద్ద గుహ ఎదురైంది. లోపల ఎండుటాకులు, దుమ్ము.

“సున్నా గుర్తు ఇదే,” అంది చౌడేశ్వరి.

“జరుగు! ముందు నేను పోవాల. నువ్వు బయటే ఉండు!” ఆమెను తోసేసి అతడు లోపలికి దూకాడు.

ఫెళ్లున వెదురు తడిక విరిగింది. రెండు నిలువుల లోతు నుంచి కేక లేచింది.

“అమ్మే! కాలు విరిగింది! తాడెయ్యి!”

ఆమె అంచున కూర్చుంది. “అటొద్దన్నావే, ఆ గుహలో ఏముండాది?”

ఎండ వాలేదాకా అతడు అరిచాడు, తిట్టాడు, ఏడ్చాడు. చివరికి నాలుక పిడచగట్టి నిజం కక్కాడు. “ముసలోడు గుర్తులు చెప్పలా. కాళ్లూ చేతులూ కట్టేసి వదిలేసినా. తోలు తీసుకొని పోయినా. నీళ్లియ్యి తల్లీ!”

చౌడేశ్వరి కిందికి పరుగెత్తింది. చిన్న గుహలో తాత ఎముకలు బోర్లా పడి ఉన్నాయి. మణికట్ల చుట్టూ, చీలమండల చుట్టూ తాడు ఇంకా బిగుసుకునే ఉంది. దవడ పక్కనే ఒక నార ఉచ్చు. దాని ముడి కోసి లేదు, విప్పి ఉంది. నార మీద పంటిగాట్లు. దాహంతో చస్తూ కూడా ఆయన దొర్లుకుంటూ వచ్చి, ఆ దారిన పోయే ఏ ప్రాణీ తనలా చావకూడదని పళ్లతో విప్పాడు.

ఆమె చాలాసేపు ఏడ్చింది. మళ్లీ పైకెక్కి, చేతులు ఒరుసుకుపోతున్నా ఒక బండను గొయ్యి అంచుదాకా దొర్లించింది. కింద సంజీవప్ప ముఖం తెల్లబోయింది.

“వద్దు తల్లీ! నీ కాళ్లు పట్టుకుంటా!”

“తోలు పైకి విసురు.”

తోలు పైకొచ్చింది. ఆమె దాన్ని మొలకు కట్టుకుంది. బండను అంచునే ఉంచేసి, తన నీళ్ల సీసాను గోతిలోకి జారవిడిచింది. తాడును మాత్రం భుజానికి తగిలించుకుంది.

“పొద్దున్నే పోలీసులను పిలుచుకొనొస్తా. తప్పకుండా వస్తా. పన్నిన ఉచ్చును చూసుకోకుండా వదిలే అలవాటు మా ఇంట్లో లేదు.”

దిగుతూ దిగుతూ, తోలు మీది చుక్కలను ఒక్కొక్కటే వెతికి, మిగిలిన ఉచ్చులన్నిటి ముడులు విప్పింది. సున్నాను మాత్రం రేపటికి ఉంచింది.