లేగోస్ నుంచి నైరోబీకి

నస్రత్‌కు కోపం వచ్చింది సంబంధం మీద కాదు, రసూల్‌బీ పిన్ని చెప్పిన దూరం మీద.

పిల్లవాడు బాజీ, లేగోస్‌లో నూలు మిల్లు ఇంజనీరు. సెలవు మీద గుంటూరు వచ్చాడు. నస్రత్‌కేమో నైరోబీ స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. రెండూ ఆఫ్రికానే గదా, మన గుంటూరూ చిలకలూరిపేటా ఉన్నట్టు అని పిన్ని రెండిళ్ళలోనూ చెప్పి మాట ఖాయం చేసేసింది. కాదని నస్రత్ మొత్తుకుంటే, దూరమైతే ఉద్యోగం మానేస్తే సరి అన్నాడు తండ్రి అబ్దుల్ ఖాదర్. ఆ దూరం ఎంతో ఎవరికీ తెలియదు. దాన్ని ఎవరు దాటాలో మాత్రం అందరికీ తెలుసు.

ఆమె స్కూటీ తీసుకుని తిన్నగా బ్రాడీపేటలోని విమానం టికెట్ల ఆఫీసుకు వెళ్ళింది. కౌంటర్ దగ్గర ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. లేగోస్ నుంచి నైరోబీకి మహా అయితే రెండు గంటలు పడుతుందని అతనికి చెబుతున్నాడు ఏజెంటు కోటేష్.

నస్రత్ వెనక నుంచే అందుకుంది. దాదాపు నాలుగు వేల కిలోమీటర్లని, నేరుగా వెళ్ళే విమానం దొరికితే ఐదు గంటలని, అడిస్ అబాబాలో మారాల్సి వస్తే రోజు గడిచిపోతుందని కడిగేసింది.

యువకుడు వెనక్కి తిరిగాడు.

"నేనూ అదే చెబుతున్నానండి. మా ఇంట్లో నమ్మడం లేదు. అక్కడికి వెళ్ళే టీచరుగారితో నాకు సంబంధం చూశారు. ఆవిణ్ణి ఉద్యోగం మానేయమంటున్నారు."

"మీరేమన్నారు?"

"ఇంకా ఏమీ అనలేదండి."

"అనకపోతే ఒప్పుకున్నట్టే. ఆ టీచర్ని నేనే. నైరోబీ నుంచి లేగోస్ ఎంత దూరమో, లేగోస్ నుంచి నైరోబీ కూడా అంతే. ఇంత చిన్న లెక్క మీ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదా?"

జవాబు కోసం ఆగకుండా, బయట అప్పుడే అందుకున్న వానలోకి నడిచింది. స్కూటీ ఎంతకీ స్టార్ట్ కాలేదు. బాజీ వచ్చి పక్కన నిలబడ్డాడు. సాయం చేయబోతే ఆమె వద్దంది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"తట్టలేదండి" అన్నాడతను చివరికి. "నాక్కూడా."

నస్రత్ అప్పుడు చూసింది అతన్ని. కనురెప్పల మీద వాన చినుకులు. సాకులు వెతకని ముఖం.

సెలవు పూర్తయ్యేలోపు బాజీ తల్లిని వెంటబెట్టుకుని నస్రత్ వాళ్ళింటికి వచ్చాడు. నైరోబీ దగ్గర ఒక మిల్లులో ఉద్యోగం కుదిరిందని, జీతం కాస్త తక్కువేనని చెప్పాడు. తల్లి ముఖం తిప్పుకుంది. రసూల్‌బీ తల పట్టుకుంది.

"మగపిల్లాడివి, ఆడపిల్ల వెనకాల పోతావా?" అన్నాడు ఖాదర్.

"వెనకాల కాదండి. ఆమె దగ్గరికి."

ఖాదర్ కూతురి వంక చూసి, పెళ్ళికి తేదీ చూడమని రసూల్‌బీతో అన్నాడు. అంతే, ఇల్లంతా బాజీని పొగడటం మొదలుపెట్టింది. ఎంత త్యాగం, ఎంత మంచి మనసు అని పిన్ని కళ్ళు కూడా తుడుచుకుంది.

టీ అందిస్తూ నస్రత్ అతనికే వినబడేలా అడిగింది.

"నేను మానేసి ఉంటే ఒక్కరైనా ఇలా మెచ్చుకునేవారా?"

"మెచ్చుకునేవారు కాదు. అందుకే తలెత్తలేకపోతున్నాను."

నస్రత్‌కు నవ్వొచ్చింది. మరో చెంచా చక్కెర అతని కప్పులో వేసి, పక్కనే కూర్చుంది.