నల్లమద్దికి చేరని ప్రకంపన

ములుగు అడవిలోని రేకుల గదిలో భూకంపాల మీద రీసెర్చ్ చేసే ఫిర్దోస్ బోర్లా పడి ఉంది. తల వెనక దెబ్బ. నెత్తురు.

ఆ గదిలో భూ ప్రకంపనలను నమోదు చేసే రికార్డర్ పొద్దున 9:50కి ఆగిపోయింది. అందులోని హార్డ్ డిస్క్ లేదు. అంతకు ఎనిమిది నిమిషాల ముందే, 9:42కి, దగ్గరలో చిన్న భూకంపం వచ్చింది.

ఆమెను మొదట చూసినవాడు ఆ గది వాచ్‌మన్ రాయమల్లు. భుజాన వేసుకుని, రెండు కిలోమీటర్లు నడిచి, రోడ్డు మీద జీపు ఆపి వరంగల్ దవాఖానకు పంపాడు. సీఐ సుభాషిణి వచ్చేసరికి అతని చొక్కా నిండా రక్తం.

"దెబ్బ పడ్డప్పుడు నువ్వెక్కడున్నవ్?"

"వాగుకాడ. నీళ్లకు పోయిన మేడం."

"చూసినోళ్లున్నరా?"

"అడవిల ఎవరుంటరు?"

11:30కి రాయమల్లు లాకప్‌లో ఉన్నాడు.

ఇరవై నాలుగు గంటల్లో అతన్ని కోర్టుకు పంపాలి. అతని భార్య మొగిలమ్మ స్టేషన్ మెట్ల మీద నుంచి కదల్లేదు. దాటినప్పుడల్లా సుభాషిణి ఆమె చూపు తప్పించుకుంది. ఆ డిస్క్ రాయమల్లుకు ఎందుకు? ఎంత ఆలోచించినా జవాబు దొరకలేదు.

మర్నాడు పొద్దున 6:40కి ఫోన్ వచ్చింది. ఫిర్దోస్ కళ్లు తెరిచింది.

7:50కి సుభాషిణి ఆమె మంచం పక్కన ఉంది.

"ఎవరు కొట్టిండ్రు?"

"చూడలేదు మేడం. వెనక నుంచి..."

"డిస్క్‌ల ఏమున్నది?"

"మూడు నెలల ప్రకంపనలు. భూకంపాలవే కాదు, కిషన్ రావు క్వారీ పేలుళ్లు కూడా. అన్నీ పర్మిషన్ లేనివే. అవి తీసెయ్యమని రెండుసార్లు వచ్చి అడిగిండు. తియ్యనన్న."

సుభాషిణి నిట్టూర్చింది. క్వారీ ఆ గదికి కూతవేటు దూరమే. కానీ ఆ పొద్దు కిషన్ రావు అక్కడ లేడు. పదిహేను కిలోమీటర్ల అవతల, నల్లమద్దిలోని ఆఫీసులో ఉన్నానని నిన్ననే చెప్పాడు. అతని ఫోన్ ఆ ఊరి టవర్ కిందే ఉంది.

"ఆయన నల్లమద్దిల ఉన్నడమ్మా. భూకంపానికి బీరువా తలుపులు దడదడ కొట్టుకున్నయట. బయటికి ఉరికిండట."

ఫిర్దోస్ తల తిప్పబోయి నొప్పికి మొహం ముడుచుకుంది.

"నల్లమద్దిలనా? అట్ల కాదు మేడం."

"ఎందుకు కాదు? ఎంతో దూరమున్న కాజీపేటలనే అదురు తెలిసింది గదా?"

"దూరమొక్కటే కాదు, మధ్యల ఏ రాయి ఉన్నదో చూడాలె. కాజీపేట దిక్కు గట్టి గ్రానైట్. భూకంపం అల దాంట్ల చాన దూరం పోతది. నల్లమద్ది దిక్కు కింద రాయంత పగిలి నీళ్లు నిండి ఉన్నది. అలను మింగేస్తది. అల ఎక్కడ ఎంత సచ్చిందో కొలిచే, కింద ఏమున్నదో చెప్తం. నా రీసెర్చే అది." ఊపిరి తీసుకుంది. "నల్లమద్ది బడిల నాదింకో రికార్డర్ ఉన్నది. చూడుండ్రి."

9:15కి కానిస్టేబుల్ తిరుమల నల్లమద్ది నుంచి ఫోన్ చేసింది. ఇరవై ఇళ్లు తిరిగింది. ఒక్కరికీ అదురు తెలియలేదు. బడి రికార్డర్‌లో 9:42 దగ్గర గీత సన్నగా వణికిందంతే.

10:40. ములుగు స్టేషన్. కిషన్ రావు కుర్చీలో కూర్చున్నాడు. రాయమల్లును లాకప్ నుంచి తెచ్చి ఎదురుగా నిలబెట్టారు. కోర్టు గడువుకు ఇంకా యాభై నిమిషాలు.

"భూకంపమప్పుడు ఎక్కడున్నరు?"

"ఎన్నిసార్లు చెప్పాలె? నల్లమద్దిల."

"ఊర్ల ఇంకెవరికన్న తెలిసిందా?"

"కాజీపేటోళ్లకు తెలిస్తే మాకు తెలువదా మేడం?"

"తెలువలేదు. ఇరవై ఇండ్లల్ల ఒక్కరికి తెలువలేదు. బడిల యంత్రం కూడా గదే చెప్తాంది. మీ ఊరి కిందున్న పగిలిన రాయి ఆ అలను మింగేసింది. కాజీపేటను చూసి మీరు లెక్క తప్పిండ్రు."

కిషన్ రావు కుర్చీలోంచి లేవబోయాడు.

"దడదడ మీరు విన్నది నిజమే. గట్టి రాయి మీదున్న క్వారీ షెడ్డుల విన్నరు. ఫోన్ ఆఫీసుల పెట్టి పోయిండ్రు. డిస్క్ ఎక్కడ?"

అతను నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"క్వారీ గుంతల ఏసిన," అన్నాడు నేలచూపులు చూస్తూ. "సంపాలని కాదు... డిస్క్ కోసమే పోయిన."

అతన్ని లోపలికి తీసుకుపోయారు. సుభాషిణి లేచి రాయమల్లు దగ్గరికి వచ్చింది. పన్నెండేళ్ల సర్వీసులో ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"తప్పు నాది రాయమల్లూ. ఇంటికి పో."

రాయమల్లు కదల్లేదు. ఆమె మాట విన్నట్టే లేడు. ఏదో అడగాలని పెదవులు తడుపుకుంటున్నాడు.

"ఆ పిల్ల... బతికిందా మేడం?"

నిన్నటి నుంచీ అతనికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"బతికింది. మాట్లాడింది."

రాయమల్లు అక్కడే నేల మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.