నీటి అడుగున ఏరు

పొడుగాటి ఇనుపచెయ్యి సీసపు పెట్టె తెరిచి, పిడికెడు బూడిదరంగు పొడిని కొండవాగులోకి వంచింది.

"అదేం మందమ్మా?" దూరంగా నిలబడ్డ పాంగి బుద్రి అడిగింది. వాగు పైన నలభై గడపల ఊరికి ఆమే పెద్ద.

"మందు కాదు, ట్రేసర్. మీ మట్టి వెంట పోయే వేగులవాడు" అంది డాక్టర్ సువర్చల.

అది స్కాండియం అనే లోహం కలిపిన గాజు. ఒండ్రు రేణువులంత సన్నగా నూరి, రియాక్టర్‌లో ఉంచి రేడియోధార్మికత తెప్పించారు. మట్టితో కొట్టుకుపోతుంది, మట్టి ఆగినచోట ఆగుతుంది. అది విడిచే గామా కిరణాలను వాగులోనూ, అది కలిసే జలాశయం అడుగునా పరిచిన వేల డిటెక్టర్లు పట్టి, ప్రతి రేణువునూ తెర మీద పచ్చటి చుక్కగా చూపిస్తాయి. ఈ ఏర్పాటు కోసం సువర్చల పదకొండేళ్ళు కష్టపడింది.

జలాశయం పూడిపోతోంది. కొండవాళ్ళు అడవి నరికి చేసే పోడు సేద్యం వల్లేనని ఆనకట్ట ఇంజినీర్ పరాంకుశం నమ్మకం. రుజువైతే బుద్రి ఊరు ఖాళీ చెయ్యాలి. సువర్చల మాత్రం ఇంకో ట్రేసర్, ఇరిడియం, ఎదుటి గట్టును తొలిచి కట్టిన ఇంజినీర్ల కాలనీ కాలువలోనూ వేయించింది. దాని కిరణాలు వేరు. తెర మీద ఎర్రగా కనిపిస్తుంది.

మూడు రోజులు కుండపోత వాన. నాలుగో ఉదయం ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు.

పచ్చచుక్కలు వాగు దాటలేదు. బుద్రి ఊరివాళ్ళు అడ్డంగా పేర్చిన రాతికట్టల వెనక ఒదిగి కూర్చున్నాయి. కాలనీ కోసం తొలిచిన గట్టు నుంచి మాత్రం ఎర్రటి ధార దిగింది. పైన నీరు అద్దంలా కదలకుండా ఉంది. అడుగున ఆ ధార వంపులు తిరుగుతూ, పాయలు చీలుతూ, ఆనకట్ట దాకా నడిచిపోతోంది. కోటానుకోట్ల రేణువులు, ఒక్కటీ దారి తప్పకుండా.



"నీళ్ళ కింద ఏరు!" బుద్రి చేతులు జోడించింది. "దేవుడికి తప్ప ఎవరికీ కనబడనిది చూపించావమ్మా."

పరాంకుశం సువర్చల వైపు తిరిగాడు. "మేడమ్, మీ ఇల్లూ ఆ కాలనీలోనే ఉంది."

"తెలుసండీ" అని సువర్చల రిపోర్టు మీద సంతకం చేసింది.

గట్టు జారిపోతోందని, రెండు నెలల్లో కాలనీ ఖాళీ చెయ్యమని ప్రభుత్వం ఆదేశించింది. చుట్టుపక్కల జారని నేల బుద్రి కొండ మీదే ఉందని సర్వే తేల్చింది. ఇళ్ళకు చోటు అడగడానికి పరాంకుశం చెప్పులు చేత పట్టుకుని బురదలో ఆ కొండెక్కాడు.

"ఎన్ని కుటుంబాలు బాబూ?" అడిగింది బుద్రి.

"అరవై రెండు."



"రండి, సర్దుకుందాం. కానీ ఇక్కడ ఎవరైనా ముందు రాయి పేర్చడం నేర్చుకోవాలి. ఇల్లు తరవాత."