కొసరు లేని బుట్ట

“తూకం తప్పు. ముప్ఫై ఒకటో బుట్టలో ఇరవై రెండు గ్రాముల కరివేపాకు ఎక్కువ. దయచేసి తీసేయండి.”

ఆ ఉదయం యంత్రం ఈ మాట అనడం అది పదకొండోసారి. అప్పలనరసమ్మ చేతిలో ఉన్న కరివేపాకు రెబ్బతో దాని మొహాన కొట్టబోయి ఆగింది. యంత్రానికి మొహం లేదు.

“డాక్టరమ్మా, ముందు దీని నోరు ముయ్యించు. కొసరేస్తే తప్పేటి?”

యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ పైడితల్లి స్క్రీన్ మీంచి కళ్ళు తీయలేదు. “ఒకరికి ఎక్కువ వేస్తే ఇంకొకరికి తగ్గుతుంది పిన్నీ. అదే తప్పు.”

విశాఖపట్నంలో అప్పటికి కూరగాయలకు కాలమనేది పోయింది. ఊరి చుట్టూ లేచిన అద్దాల తోటల్లో పన్నెండు నెలలూ అవే ఏడెనిమిది కూరలు పండేవి. బీరకాయ ఏ నెలలో కాస్తుందో పిల్లలకు తెలియదు. పెద్దలకు తెలిసినా అక్కర్లేదు. నాలుక అడిగిందల్లా తిని, ఒంట్లో ఉండవలసినవి తగ్గిపోయి, డాక్టర్లు గట్టిగా తిట్టాక గానీ జనం కదలలేదు. మధురవాడలోని ఎనభై ఇళ్ళవాళ్ళు, ఆనందపురం దగ్గర అప్పలనరసమ్మ కౌలుకు చేస్తున్న నాలుగెకరాల పంటలో వాటాదారులయ్యారు. ఏ కాలంలో ఏది కాస్తే అది, ప్రతి శనివారం ఒక బుట్ట.

అంతవరకు అప్పలనరసమ్మ చేత్తో పంచిన బుట్టలను పంచడానికి ఆ వారమే వచ్చింది సమవాటా యంత్రం. అది పనిచేసే తీరు ఇది. ప్రతి వాటాదారు ముంజేతికీ ఒక పట్టీ ఉంటుంది. ఒంట్లో ఇనుమెంత, చక్కెరెంత అనేది పట్టీ చెబుతుంది. షెడ్డులో బెల్టు మీద వెళ్ళే ప్రతి కాయ మీదా, ప్రతి ఆకు మీదా సెన్సర్ వెలుగు వేస్తుంది. తిరిగివచ్చిన వెలుగును బట్టి అందులో ఏముందో కనిపెడుతుంది. ఈ రెండూ కలిపి చూసుకుని, ఆ వారం కోసిన పంటంతా ఒక్క ఆకు మిగలకుండా పంచేస్తుంది. దానికి మోసం లేదు, మొహమాటం లేదు. మనిషి చేయలేని పని. మనిషికి నచ్చని పని కూడా అని పైడితల్లికి ఇంకా తెలియదు.

“పోనీ, నా ఇంటి వాటాలోంచి ఏస్తాను” అంది అప్పలనరసమ్మ.

“మీ వాటా మీరే తినాలి. మీకు రక్తం తక్కువ అని చూపిస్తోంది.”

“నా రక్తం సంగతి దానికెందుకు!”

ఆ శనివారం బుట్టలు కొసరు లేకుండా వెళ్ళాయి. పోర్టులో గుమాస్తాగా రిటైరైన భానోజీరావు తన బుట్టను షెడ్డు గుమ్మంలోనే కుమ్మరించి వెతికాడు.

“ఏమమ్మా, కొసరేదీ?”

“మిషను ఒద్దంతంది బాబూ.”

“మూడు వారాలుగా ఆనపకాయలు మోస్తున్నాను. మా ఆవిడ పులుసు పెట్టింది, పెరుగుపచ్చడి చేసింది, ఆఖరికి తొక్కలు కూడా వేయించింది. నోరెత్తానా? చివర్లో నువ్వా గుప్పెడు గోంగూర పడేస్తావు కదా అని ఊరుకున్నాను.”

“మీ వాటాలో గోంగూర ఉందండీ. రెండువందల నలభై గ్రాములు” అంది పైడితల్లి.

“అది నాదే కదమ్మా! నాది నాకివ్వడం కూడా ఒక ఇవ్వడమేనా?”

పైడితల్లి స్క్రీన్ వైపు తిరిగి తూకం మళ్ళీ సరిచూసుకుంది.

అప్పలనరసమ్మ మాత్రం వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకుంది. శ్రావణం మొదటి శనివారంలోగా కనీసం అరవై ఇళ్ళు వచ్చే ఏడాదికి సంతకం చేయాలి. లేకపోతే కౌలు రద్దవుతుంది, నాలుగెకరాలూ అద్దాల తోటల కంపెనీకి పోతాయి. ఆషాఢం సగమయ్యేసరికి సంతకాలు ముప్ఫై తొమ్మిది. మానేస్తామన్నవాళ్ళు చెప్పిన కారణం ఒక్కటే: “ఆవిడ చెయ్యి బిగదీసింది.”

పైడితల్లి రాత్రింబవళ్ళు కూర్చుని యంత్రానికి కొసరు నేర్పింది. మరుసటి శనివారం ప్రతి బుట్టలోనూ చిన్న కాగితం పొట్లం, దాని మీద ‘కొసరు’ అని అచ్చు, కింద తూకం. మధ్యాహ్నానికల్లా ఎనభై ఇళ్ళ గ్రూపు భగ్గుమంది.

“ఎదురింటివాళ్ళకి పద్దెనిమిది గ్రాములు, మాకు పధ్నాలుగా? మా రక్తం అంత బాగుందా?”

“కొసరు మీద తూకం వేసిన మహానుభావులెవరండీ?”

భానోజీరావు పొట్లం విప్పకుండానే తిప్పి పంపాడు.

“జనానికి పోయేకాలం” అంది పైడితల్లి, తల పట్టుకుని. “ఒక్క గ్రాము తేడా లేకుండా న్యాయంగా ఇస్తుంటే అన్యాయం అంటున్నారు. వీళ్ళకేం కావాలి పిన్నీ?”

“ముందే సెప్పాను. ఇన్నావా?”

సంతకాలు ముప్ఫై నాలుగుకు దిగాయి. ఇక ఒక్క శనివారమే మిగిలింది. శుక్రవారం పొద్దున్నే పైడితల్లి తోటకొచ్చి, చూపు దించుకుని, తన ఉపాయం చెప్పింది. యంత్రం ఒక్కో వాటాలోంచి ముప్ఫై గ్రాముల ఆకు తీసి పక్కన పళ్ళెంలో పెడుతుంది. బుట్ట అందుకోవడానికి ఆ ఇంటివాళ్ళు రాగానే అప్పలనరసమ్మ దాన్ని చేత్తో తీసి పైన వేయాలి.

అప్పలనరసమ్మ చేతిలోని కొడవలి కింద పెట్టింది.

“అంటే, ఆళ్ళ బుట్టలోంచి ఆళ్ళదే తీసి, నాదన్నట్టు మళ్ళీ ఎయ్యాలా?”

“ఎవరికీ ఒక్క ఆకు తగ్గదు.”

“తగ్గదు. అందుకే మరీ సిగ్గు. సిన్నప్పట్నించీ కాటా దగ్గర కూకున్నాను. తూకంలో ఏలు ఎట్టినేదు. ఈ వయసులో నన్ను దొంగని సేస్తన్నావు.”

“మానేయమంటే మానేస్తాను. భూమి పోతుంది.”

అప్పలనరసమ్మ వర్షానికి తడిసిన బీర పాదుల వైపు చూసింది. ఆ పాదులన్నీ ఆమె చేతి మీదుగా లేచినవే. “సరే, కానీ” అంది, ఎవరినో తిట్టినట్టు.

శనివారం ఆమె ఎవరి కళ్ళలోకీ చూడకుండా గుప్పెడు తీసి వేసింది. భానోజీరావు మొహం వెలిగిపోయింది.

“ఇదమ్మా చెయ్యంటే! నీ కడుపు చల్లగుండ!”

ఆ దీవెన విని ఆమె పమిటచెంగుతో మొహం తుడుచుకుంది. చెమటనుకుని ఆయన వెళ్ళిపోయాడు. ఒకరి వెనక ఒకరు దీవించారు, సంతకం పెట్టారు. ఎవ్వరూ మోసపోకూడదని తయారుచేసిన యంత్రం, ప్రతి ఇంటినీ గుప్పెడు మోసం చేశాక గానీ నమ్మకం సంపాదించుకోలేదు. సాయంత్రానికి సంతకాలు డెబ్బై ఆరు.

అందరూ వెళ్ళాక చివరి బుట్ట మిగిలింది. తానూ ఒక వాటాదారైన పైడితల్లిది. ఆమె బుట్ట చంకనెత్తుకుని రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది.

“పిన్నీ, నాకు కొసరు వేయలేదేం?”

అప్పలనరసమ్మ నొసలు కొట్టుకుంది. “నీకూనా? ఆ ఆకు నీదేనని నీకు తెలుసు కదే! తీయించింది నువ్వే కదే!”

“తెలుసు. అయినా నీ చేత్తో వెయ్యి.”

“ఇంత సదువు సదివి ఏం లాభం!” అంటూ ఆమె పళ్ళెంలో మిగిలిన గోంగూర తీసి, అవసరానికి మించిన విసురుతో బుట్టలో పడేసింది.

పైడితల్లి బుట్టలోకి తొంగిచూసింది.

“ఇంతేనా?” అంది.