అమ్మమ్మ పేరు మీద మాత్రలు

లిఫ్టులు బాగుచేసే ఆ కుర్రాడికి ఎత్తంటే భయం లేదు, చీకటంటే భయం లేదు. మందుల షాపు కౌంటరు దగ్గర మాత్రం ఆ రోజు డాక్టరు చీటీని నాలుగు మడతలు పెట్టి, అటూ ఇటూ చూసి మరీ ఇచ్చాడు.

కౌంటరు వెనకున్న ఫార్మసిస్టు అమ్మాయి చీటీ చూసింది, అతన్ని చూసింది. "ఇవి దిగులుకి వాడే మాత్రలండీ. ఇంతకుముందు వాడారా?" అని మామూలుగానే అడిగింది. వెనక దగ్గుమందు కోసం నిలబడ్డ పెద్దమనిషి మాత్రం మెడ చాచి మరీ విన్నాడు.

"నాకు కాదండీ బాబూ!" అన్నాడు లిఫ్టబ్బాయి కంగారుగా. "మా అమ్మమ్మకి."

అమ్మాయి చీటీని ఇంకోసారి చూసింది. వస్తున్న నవ్వుని ఎక్కడో మింగేసింది.

"అమ్మమ్మగారికా! అయితే ఆవిడకి చెప్పండి. వేసుకున్న మర్నాడే గంతులెయ్యాలనిపించదు, కొన్ని వారాలు పడుతుంది. బాగైపోయిందనిపించినా సరే, డాక్టర్ని అడక్కుండా మానెయ్యకూడదు."

"చెప్తానండీ. కాస్త మొండిది మా అమ్మమ్మ."

"మనవడి పోలికేమో," అంది ఆమె.

అది మొదలు. మాత్రలకి నెలకోసారి వస్తే చాలు, మనవాడు రెండ్రోజులకోసారి వచ్చేవాడు. ఒకరోజు ప్లాస్టరు, ఒకరోజు దువ్వెన, ఒకరోజు దూది. ఇంట్లో ఎవరికీ గాయాలు కాకుండానే దూది గుట్టలు పడింది.

"ఎలా ఉన్నారు అమ్మమ్మగారు?" అనేది ఆమె, మొహం నిండా అమాయకత్వం పులుముకుని.

"నిద్ర పడుతోందండీ. నిన్నైతే పాట కూడా పాడింది."

"ఏం పాటో?"

"బాత్రూంలో పాడిందండీ. సరిగ్గా వినపళ్ళేదు."

ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. షాపులో వీళ్ళిద్దరే మిగిలారు. గొడుగు చేతిలోనే ఉన్నా తడిసిపోతానంటూ నిలబడిపోయాడు మహానుభావుడు.

"అసలీ దిగులెందుకొస్తుందండీ... మా అమ్మమ్మకి?" అన్నాడు.

ఆమె ఈసారి ఏడిపించలేదు. "మెదడులో కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. సెరటోనిన్, డోపమిన్ లాంటివి ఆ కబుర్లు మోస్తాయి. ఒత్తిడి ఎక్కువైతే కార్టిసాల్ అనే హార్మోను పెత్తనం మొదలెడుతుంది. అప్పుడు నిద్ర, ఆకలి, మనసు అన్నీ తారుమారు. అలాగని ఏదో ఒకటి తగ్గింది, దిగులొచ్చేసింది అని తేల్చెయ్యలేం. మనిషికి జరిగినవి, ఒంటరితనం, ఇంటి వారసత్వం... అన్నీ కలుస్తాయి."

"మా లిఫ్టు లాగే. మోటారు బానే ఉంటుంది, తాళ్ళు బానే ఉంటాయి. మీట నొక్కితే కబురు మాత్రం అందదు. జనం దాన్ని పట్టుకుని దరిద్రపు లిఫ్టు అని తన్నిపోతారు."

"అమ్మమ్మగార్ని కూడా అన్నారా ఎవరైనా?"

"అన్నారు," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "తిని పడుకుంటోంది, బద్ధకం అన్నారు. తినబుద్ధి కూడా అయ్యేది కాదండీ. ఎవరికి చెప్పుకుంటుంది?"

ఆమె తన మంచినీళ్ళ సీసా అతని వైపు జరిపింది. అతనే మాట మార్చాడు. "మరి సంతోషమో? ఎవర్నైనా చూడగానే గుండె ఎగిరి గంతేస్తే, అది కూడా ఆ డోపమిన్ పనేనా?"

"దాని పనీ ఉంటుంది. ఎవర్ని చూసి ఎగురుతోందేమిటి అమ్మమ్మగారి గుండె?"

"పక్కింటి తాతగార్ని," అనేశాడు, ఏం తోచక.

ఆమె కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. అతనూ నవ్వాడు గానీ, ఇంటికెళ్ళాక బుర్రలో పురుగు తొలచడం మొదలైంది. ఈ సంతోషం తనదా, మాత్రదా? ఆ అమ్మాయికి మనసు విప్పి చెప్తే, చెప్పేది తను అవ్వాలి గానీ మాత్ర అవ్వకూడదు కదా! పరీక్షించి చూద్దామనుకుని, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాడు.

వారం తిరక్కుండా షాపు ముందొక పెద్దావిడ ప్రత్యక్షమైంది, లిఫ్టబ్బాయిని చెయ్యి పట్టి లాక్కుంటూ. అతని మొహం పాలిపోయి ఉంది.

"అమ్మాయ్, వీడికి కళ్ళు తిరుగుతున్నాయిట. పొద్దున్న నిచ్చెన మీంచి పడబోయాడట. రాత్రిళ్ళు నిద్ర లేదు. ఏమైందిరా అంటే చెప్పి చావడు."

ఫార్మసిస్టు అమ్మాయి కౌంటరు దాటి గబగబా బయటికొచ్చింది. "మీరు అమ్మమ్మగారా?"

"నేనే. నీకెలా తెలుసు?"

"మీ దిగులు గురించి, మీ పక్కింటి తాతగారి గురించి రోజూ వింటున్నాను."

"నాకు దిగులేమిటి! ఏ తాత? ఒరేయ్, ఏం కూశావురా?"

అమ్మాయి మొహంలో ఏ ఆశ్చర్యమూ లేకపోవడం చూసి లిఫ్టబ్బాయి ఆమె వైపు తిరిగాడు. "మీకు... తెలుసా?"

"చీటీ మీద పేరూ వయసూ ఉంటాయండీ. ముప్ఫై నిండని అమ్మమ్మని నేనెక్కడా చూళ్ళేదు. మీకు చెప్పుకోవడం కష్టంగా ఉందని అమ్మమ్మకి చెప్పినట్టు చెప్పాను. మాత్రలు మానేశారు కదూ?"

అతను తలూపాడు.

"ఎందుకు?"

"మీరంటే నాకిష్టం. అది నా ఇష్టమో, మాత్ర ఇష్టమో తేల్చుకుందామని."

ఆమె ముక్కుపుటాలు అదిరాయి. "తేలిందా?"

"తేలింది. నిద్ర పోయింది, ఆకలి పోయింది, పని మీద ధ్యాస పోయింది. మిమ్మల్ని చూడాలన్నది మాత్రం పోలేదు."

ఆమెకి కోపం ఆగలేదు, కన్నీళ్ళూ ఆగలేదు. "నిచ్చెన మీంచి పడుంటే నన్నేం చేద్దామనుకున్నావు? బుద్ధుందా నీకు? మాత్ర నీకు లేని ఇష్టాన్ని తెచ్చి పెట్టదు. ఉన్నదాన్ని నీకు అందనిస్తుంది, అంతే!"

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయిందని అమ్మమ్మ కనిపెట్టేసింది. చప్పుడు చెయ్యకుండా స్టూలు మీద కూర్చుంది.

అమ్మాయి అప్పటికప్పుడు చీటీ రాసిన డాక్టరుకి ఫోను చేసింది. వెంటనే తీసుకురమ్మన్నాడాయన. షాపు తోటి ఉద్యోగినికి అప్పగించి తనూ బయల్దేరింది.

"నా పేరు వాడుకుంటే వాడుకున్నావు గానీ, మంచి పనికే వాడుకున్నావురా," అంటూ అమ్మమ్మ ముందు నడిచింది. "తల్లీ, వీడు తూలుతున్నాడు, కాస్త చెయ్యి పట్టుకో. ఎంతసేపైనా పట్టుకో."

ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మళ్ళీ దిగులొస్తే?" అన్నాడతను మెల్లిగా.

"వస్తే వెంటనే నాకు చెప్పు. ఒక్కడివే పడకు."

నాలుగడుగులు వేశాక అతను ఆమె వేళ్ళకేసి చూశాడు. "అదేంటి, నీ చెయ్యి వణుకుతోంది? నువ్వే మాత్రా మానలేదుగా?"

"నేనసలు ఏ మాత్రా వేసుకోను," అంది ఆమె, చెయ్యి వదలకుండానే. "ఇప్పుడైనా అర్థమైందా?"