నాలుగో లిఫ్ట్‌కు అడ్మిన్ ఎవరు?

“ఇవాళ మధ్యాహ్నం ఒక మనిషిని లిఫ్ట్‌లోంచే మాయం చేస్తారట. ఆపాల్సింది నువ్వే,” అన్నాడు చీఫ్ రాకేశ్. ఆయన బ్రీఫింగ్ ఎప్పుడూ అంతే, చాయ్ చల్లారకముందే అయిపోతుంది.

ఆ మనిషి డాక్టర్ మహేందర్. మన క్షిపణుల రహస్య సంకేతాలు రాసిన శాస్త్రవేత్త. గచ్చిబౌలిలోని ఒక గాజు టవర్‌కి మీటింగ్ కోసం వస్తున్నాడు. అక్కడి లిఫ్టులన్నీ ఇంటర్నెట్‌కు కట్టేసినవే. పర్మిషన్ ఉన్నవాడు ఎక్కడ కూర్చునైనా ఫోన్‌తో వాటిని ఆపగలడు, నడపగలడు.

“మీటింగ్ రద్దు చేయొచ్చుగా సర్?” అంది ఏజెంట్ రోహిణి.

“చేస్తే ముఠా జారిపోతుంది. వాళ్లకు పర్మిషన్ ఎలా దొరికిందో కనుక్కో. టవర్లో లోహిత్ ఉంటాడు, సాయం చేస్తాడు.”

లోహిత్ డిపార్ట్‌మెంట్ సైబర్ నిపుణుడు. లినెన్ సూటు, గది దాటినా వదలని సెంటు, ఎదుటివాళ్ల నోరు కట్టేసే నవ్వు. లిఫ్ట్ మెకానిక్ వేషంలో బేస్‌మెంట్ కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న రోహిణిని చూసి అదే నవ్వు నవ్వాడు. “ఫికర్ చేయకు, పైన నేను చూసుకుంటా,” అని వెళ్లిపోయాడు. ఆ నవ్వు తనకూ నచ్చినందుకు రోహిణికి తన మీద తనకే చిరాకేసింది.

ఆమె యూజర్ల పేర్లు తిరగేసింది. అందరూ లిఫ్టులను చూడటానికే తప్ప నడపడానికి పర్మిషన్ లేనివాళ్లు. అడ్మిన్ ఒక్కడే, లింగమూర్తి. రిటైరై తెల్లాపూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్న పాత సూపర్‌వైజర్. మనిషి వెళ్లిపోయినా పేరు తీసే తీరిక ఎవరికీ దొరకలేదు. అందరూ ఆయన పేరు మీదే లాగిన్ అవుతున్నారు, ప్రతిసారీ ఓటీపీ వచ్చేది మాత్రం ఆయన ఫోన్‌కే.

ఇంతలో మహేందర్ నాలుగో లిఫ్ట్ ఎక్కాడు. నొక్కింది పదో అంతస్తు. లిఫ్ట్ పది దాటి పైకి పోతూనే ఉంది. స్క్రీన్ మీద ఎర్రక్షరాలు వెలిగాయి: కంట్రోల్, లింగమూర్తి.

రోహిణి లింగమూర్తికి ఫోన్ కలిపింది.

“ఓటీపీయేనా బిడ్డా? లోపల మనుషులున్నరా?”

“ఒకాయన ఉన్నడు సార్!”

“అయితే జల్ది రాస్కో,” అని అంకెలు చెప్పేశాడు. ఆమె ఎవరని కూడా అడగలేదు.

“ఇంతకుముందు ఎవరికిచ్చిండ్రు?”

“గా లోహిత్ సారుకు. ఖాళీ లిఫ్టే, టెస్టింగ్ అన్నడు.”

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఓటీపీ పట్టించింది. ఆ పేరు మీద ఒకసారికి ఒక్కరే లోపలుండగలరు, రోహిణి లాగిన్ కాగానే లోహిత్ బయటపడ్డాడు. లిఫ్ట్ పద్దెనిమిదికీ పందొమ్మిదికీ మధ్య ఆగిపోయింది. పందొమ్మిదో అంతస్తు ఇంకా ఎవరూ అద్దెకు దిగనిది. ఇక చెప్పేదేముంది, ముఠా అక్కడే కాచుకుని ఉంది. ఆమె గ్రౌండ్ ఫ్లోర్ నొక్కి, ఇంకో చెవిలోని ఇయర్‌పీస్‌లో అరిచింది. “చీఫ్, పందొమ్మిది! లోహిత్ మనవాడు కాదు!”

లిఫ్ట్ కిందికి కదిలింది.

“బిడ్డా, లోహిత్ సారే మళ్ల చేస్తున్నడు. లైన్ల ఉండు.”

“ఎత్తకుండ్రి సార్!”

అప్పటికే ఎత్తేశాడు. ఎవరు అడిగినా ఓటీపీ లేదనని మనిషి. లోహిత్ మళ్లీ లోపలికొస్తే రోహిణి బయటికి పోతుంది, మహేందర్ పైకి పోతాడు. లిఫ్ట్ ఇంకా పన్నెండులోనే ఉంది. లింగమూర్తి పర్మిషన్ తీసేద్దామంటే ఆమె ఉన్నది ఆ పేరు మీదే, లిఫ్ట్ నడిమధ్యలో ఆగిపోతుంది. ఆమె లేచి నిలబడింది, కూర్చుంది, మళ్లీ లేచింది. స్క్రీన్ మీద ‘మరో లాగిన్ ప్రయత్నం’ అని వెలిగింది. మళ్లీ వెలిగింది. మరోసారి వెలిగి ‘కొత్త లాగిన్లు లాక్’ అంది. లిఫ్ట్ తలుపులు గ్రౌండ్ ఫ్లోర్‌లో తెరుచుకున్నాయి. మహేందర్ టై సర్దుకుంటూ బయటికొచ్చాడు.

“ఏం చేసిండ్రు సార్?”

“తప్పు నంబర్లు చెప్పిన,” అన్నాడు లింగమూర్తి. “లోపల మనిషున్నడా అనడిగిన. ‘నీకెందుకు, నంబర్ చెప్పు’ అన్నడు. లిఫ్ట్ పని చేసేటోడు గట్లంటడా బిడ్డా?”

రోహిణి కళ్లు చెమర్చాయి. అయినా ఆయన పర్మిషన్ మాత్రం అప్పుడే తీసేసి, అడ్మిన్‌గా తన పేరు ఎక్కించింది.

పందొమ్మిదో అంతస్తులో చీఫ్ పంపిన కమాండోలు ముఠాకూ, లోహిత్‌కూ బేడీలు వేశారు. రోహిణి లిఫ్ట్ పైకి పంపి, తలుపు తెరిచి, స్పీకర్లో పిలిచింది. “రండి లోహిత్ గారూ. ఇప్పుడు అడ్మిన్‌ని నేనే.”

లోహిత్ లిఫ్ట్ వైపు చూశాడు, పక్కనున్న కమాండో వైపు చూశాడు. “మెట్లెక్కడ?” అన్నాడు.